బురదలో పరుగు.. భుజాన సైకిల్

* అరగంట నుంచి గంటలో ముగిసే సైక్లోక్రాస్ పోటీ
* తారురోడ్డుతో పని లేదు.. మైదానముంటే చాలు
* నగర తూర్పు ప్రాంతానికి అనువైన క్రీడ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: సైకిల్ పందెమనగానే నున్నటి తారురోడ్డు, దానిపై వరుసకట్టి దూసుకుపోయే క్రీడాకారులు గుర్తుకు రావడం సహజం. ఇందుకు భిన్నంగా గడ్డి, బురద, ఇసుక, గుట్టవాలుల మీదుగా సాగే పోటీ ఒకటుంది. అదే సైక్లోక్రాస్. కొంతదూరం తొక్కాలి. అడ్డంకి రాగానే దిగాలి. సైకిల్‌ను భుజానికెత్తుకుని పరుగెత్తాలి. మళ్లీ ఎక్కి తొక్కాలి. ఐరోపాలో నూరేళ్లకు పైబడిన చరిత్ర కలిగిన ఈ క్రీడకు మన ప్రాంతంలో ప్రచారం స్వల్పం. భారత సైక్లింగ్ సమాఖ్య నిర్వహించే జాతీయ పోటీల్లో రోడ్డు, ట్రాక్, మౌంటెన్ బైక్ విభాగాలే ఇక్కడి వారికి పరిచయం. అయితే వాహనాల రద్దీతో రహదారిపై సైకిల్ తొక్కడమే సాహసంగా మారిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలకు, రహదారితో నిమిత్తం లేని ఈ పోటీ ఎంతగానో సరిపోతుంది. దీని పుట్టుపూర్వోత్తరాలు, నియమాలు, ఔత్సాహికులు పాటించాల్సిన మెలకువలపై కథనం.

దిగినా ఓటమి లేదు

సంక్రాంతికీ, గణతంత్ర దినోత్సవానికీ ఊళ్లలో, పాఠశాలల్లో నిర్వహించే నిదాన సైకిల్ పందెం అందరికీ తెలిసిందే. అందులో కాలు నేల మోపితే పోటీ నుంచి తప్పుకోవాల్సిందే. సైక్లోక్రాస్‌లో కాలు మోపడం పోటీలో భాగం. ఎక్కడ దిగాలో, ఎంత వేగంగా దిగాలో, తిరిగి ఎంత త్వరగా సీటు మీదికి చేరాలో తెలిసినవారే ముందుంటారు. కండబలంతో పాటు నేర్పు, సమయస్ఫూర్తి కలిసివస్తేనే విజయం. ఖరీదైన సైకిల్ ఉన్నంత మాత్రాన గెలుపు దక్కకపోవడం ఈ క్రీడ ప్రత్యేకత.

ఫ్రాన్స్ పొలాల నుంచి..

రోడ్డు పోటీల కాలం ముగిసిన తర్వాత చలికాలంలో శరీర దారుఢ్యం కాపాడుకునేందుకు ఐరోపా క్రీడాకారులు పొలాలు, కంచెలు, అడవిబాటల మీదుగా సైకిళ్లు తొక్కేవారు. క్రమంగా అదే పోటీ రూపం దాల్చింది. ఫ్రాన్స్ సైనికుడు డేనియల్ గూసో చొరవతో 1902లో ఆ దేశంలో తొలి జాతీయ పోటీ జరిగింది. 1910లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఆక్టావ్ లాపీజ్ తన విజయానికి శీతాకాలపు సైక్లోక్రాస్ సాధన తోడ్పడిందని చెప్పడంతో దీనికి ప్రాచుర్యం పెరిగింది. 1924లో పారిస్‌లో తొలి అంతర్జాతీయ పోటీ నిర్వహించారు. అదే నగరంలో 1950లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరగ్గా, 1947 టూర్ డి ఫ్రాన్స్ విజేత జాన్ రోబిక్ దాన్ని కైవసం చేసుకున్నారు.

మహిళలకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ప్రారంభించేందుకు 2000 వరకు ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది జర్మనీకి చెందిన హాంకా కుప్‌ఫర్‌నాగెల్ తొలి విజేతగా నిలిచారు. నెదర్లాండ్స్ క్రీడాకారిణి మరియన్ వోస్ 2006 నుంచి 2022 మధ్య ఎనిమిదిసార్లు ప్రపంచ టైటిల్ సాధించారు. పురుషుల్లో బెల్జియం దిగ్గజం ఎరిక్ డి వ్లామింక్ 1966-73 మధ్య నెలకొల్పిన ఏడు టైటిళ్ల రికార్డును నెదర్లాండ్స్‌కు చెందిన మాథ్యూ వాన్ డెర్ పోల్ 2025లో సమం చేశారు. ఐరోపా వెలుపల ఈ ఛాంపియన్‌షిప్ తొలిసారి జరిగింది 2013లో. అమెరికాలోని లూయీవిల్ నగరం అందుకు వేదికైంది. బెల్జియంలో చలికాలపు వారాంతాల్లో వేలాది జనం బురదలో నిలబడి ఈ పోటీలను తిలకిస్తారు.

బాట ఇలా..

అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నిబంధనల ప్రకారం పోటీబాట ఒక చుట్టు 2.5 నుంచి 3.5 కిలోమీటర్ల మేర ఉండాలి. వెడల్పు 3 మీటర్లకు తగ్గరాదు. బాటలో కనీసం 90 శాతం సైకిల్ తొక్కడానికి వీలైనదై ఉండాలి. ఆరంభంలో అందరూ ఒక్కచోట ఇరుక్కుపోకుండా కొంతదూరం వెడల్పాటి తిన్నని దారి వదులుతారు. ఆ తర్వాత మలుపులు, ఎత్తుపల్లాలు, ఇసుక, మెట్లు వస్తాయి. బాటకు అడ్డంగా పలకలు నిలబెడతారు. వీటి ఎత్తు 40 సెంటీమీటర్లు మించకూడదు. ఆరితేరినవారు వీటిపై నుంచి సైకిల్‌తోనే ఎగిరి దూకుతారు. మిగిలినవారు దిగి, సైకిల్‌ను ఎత్తిపట్టుకుని దాటుతారు.

ఔత్సాహికుల పోటీలకు ఇంత కచ్చితమైన కొలతలు అక్కర్లేదు. అయిదారు ఎకరాల మైదానంలో మెలికలు తిప్పుతూ బాట వేస్తే కిలోమీటరుకు పైగా దూరం సమకూరుతుంది. కొయ్యగుంజలు, వాటి మధ్య రంగుల రిబ్బన్లు కడితే హద్దులు సిద్ధం. ప్రేక్షకులు ఒక్కచోట నిలబడే సగానికి పైగా బాటను చూడగలగడం మరో వెసులుబాటు. రోడ్డు పోటీల్లో క్రీడాకారులు క్షణాల్లో కనుమరుగవుతారు. ఇక్కడ ప్రతి ఆరేడు నిమిషాలకోసారి ఎదురుగా వస్తూనే ఉంటారు.

చుట్ల లెక్క

ఈ పోటీని దూరంతో కాకుండా సమయంతో కొలుస్తారు. ప్రపంచస్థాయిలో పురుషులకు గంట, మహిళలకు 50 నిమిషాలు, జూనియర్లకు 40 నిమిషాలు. ఔత్సాహికులకు సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు కేటాయిస్తారు. తొలి చుట్లకు పట్టిన సమయాన్ని బట్టి మొత్తం ఎన్ని చుట్లు తిరగాలో నిర్వాహకులు లెక్కగడతారు. ఉదాహరణకు చుట్టుకు ఆరు నిమిషాలు పడుతుంటే, 40 నిమిషాల పోటీకి ఏడు చుట్లు నిర్ణయిస్తారు. మిగిలిన చుట్ల సంఖ్యను బోర్డుపై చూపుతారు. చివరి చుట్టుకు గంట మోగిస్తారు.

ముందున్నవారు వెనకబడినవారిని చుట్టు తేడాతో దాటేయడం ఇక్కడ మామూలే. ఔత్సాహికుల పోటీల్లో అలాంటివారు కూడా కొనసాగవచ్చు. విజేత గీత దాటిన తర్వాత ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నా, తాము గీత చేరగానే వారి పోటీ ముగుస్తుంది. ముందుగా చుట్ల సంఖ్యను, తర్వాత గీత దాటిన వరుసను పరిగణనలోకి తీసుకుని స్థానాలు ప్రకటిస్తారు. తద్వారా మొదటివారితో పాటే చిట్టచివరివారూ దాదాపు ఒకే సమయానికి పోటీ ముగిస్తారు. కొత్తవారు నిరుత్సాహపడకుండా ఉండేందుకు ఈ పద్ధతి దోహదం చేస్తోంది.

రెండు రోజుల సందడి

ఐరోపా, అమెరికాల్లో ఔత్సాహికుల పోటీలు ఎక్కువగా శని, ఆదివారాల్లో ఒకే మైదానంలో జరుగుతాయి. ఉదయం కొత్తగా చేరినవారికి, ఆపై వయసులవారీగా, మహిళలకు, పిల్లలకు, మధ్యాహ్నానికి అనుభవజ్ఞులకు వరుసగా పోటీలుంటాయి. ఒక విభాగంలో పాల్గొన్నవారే మరో విభాగానికి వచ్చేసరికి బాట పక్కన నిలబడి పర్యవేక్షకులుగా, చప్పట్లు కొట్టే ప్రేక్షకులుగా మారిపోతారు. రెండో రోజు బాటను కొద్దిగా మార్చడం, కొన్నిచోట్ల వ్యతిరేక దిశలో తిప్పడం పరిపాటి. నిన్న దిగిన వాలు నేడు ఎక్కాల్సిన ఎత్తవుతుంది. శనివారం పోటీలో వేగానికి ప్రాధాన్యమిచ్చి అలసిపోయినవారు ఆదివారం వెనకబడటం తరచూ కనిపిస్తుంది. అందుకే తొలిరోజు పోటీ ముగిశాక సైకిల్ కడగడం, గొలుసుకు నూనె వేయడం, సరిపడా తిని నిద్రపోవడం కూడా పోటీలో భాగమేనని అనుభవజ్ఞులు చెబుతుంటారు.

పోటీకి ముందు బాటపై ఒకటి రెండు చుట్లు తిరిగి పరిశీలించేందుకు సమయమిస్తారు. దీన్ని వదులుకోరాదు. ఎక్కడ దిగాలి, మలుపులో ఏ వైపు గట్టినేల ఉంది, ఎక్కడ చక్రం కూరుకుపోతుందన్నది తెలిసేది అప్పుడే. బాట పక్కన అదనపు సైకిల్ లేదా చక్రం ఉంచుకునేందుకు ప్రత్యేక స్థలం కేటాయిస్తారు. పంక్చరైతే అక్కడిదాకా సైకిల్ మోసుకుని పరుగెత్తి, మార్చుకుని పోటీ కొనసాగించవచ్చు.

ఏ సైకిల్ పనికొస్తుంది?

సైక్లోక్రాస్ సైకిల్ చూడ్డానికి వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్‌లాగే ఉంటుంది. టైర్లకు మాత్రం గట్లుంటాయి. ఫ్రేముకూ టైరుకూ మధ్య బురద పేరుకుపోకుండా ఎక్కువ ఖాళీ వదులుతారు. అంతర్జాతీయ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదు. డిస్క్ బ్రేకులను 2010 నుంచి అనుమతిస్తున్నారు. రోడ్డు సైకిల్‌లో గాలి గట్టిగా కొడితే, ఇందులో బాగా తగ్గిస్తారు. చదరపు అంగుళానికి 25 నుంచి 30 పౌండ్ల ఒత్తిడి సరిపోతుంది. గాలి తగ్గితే టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. మరీ తగ్గితే రాయి తగిలి రిమ్ము వంకరపోయే ప్రమాదముంది.

ఔత్సాహికుల పోటీల్లో మౌంటెన్ బైకులను సాధారణంగా అనుమతిస్తారు. అంటే కళాశాల విద్యార్థుల వద్ద ఉండే గేర్ల సైకిల్‌తోనూ బరిలో దిగవచ్చు. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, బుట్ట, గంట తొలగించుకోవాలి. హ్యాండిల్ చివర్లకు మూతలు తప్పనిసరి. లేకుంటే పడినప్పుడు గొట్టం గుచ్చుకుని గాయమవుతుంది. ముందు కడ్డీ లేని లేడీస్ సైకిల్‌ను భుజాన వేసుకోవడం కష్టం కనుక అది అనువైనది కాదు. బరువు కూడా చూసుకోవాలి. పోటీ సైకిళ్లు సుమారు 8-9 కిలోలుంటే, సాధారణ గేర్ల సైకిల్ 15 కిలోల వరకు తూగుతుంది. ప్రతి చుట్టులోనూ దాన్ని మోస్తూ గట్టెక్కాల్సి వచ్చినప్పుడు ఈ తేడా తెలిసివస్తుంది.

దిగడం.. మోయడం.. ఎక్కడం

గొలుసు కుడివైపు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఎడమవైపే దిగాలి. అడ్డంకికి కొద్దిదూరంలో ఉండగానే కుడికాలిని సీటు వెనక నుంచి ఎడమవైపు తిప్పాలి. సైకిల్ ఆగకముందే నేల మీద పాదం మోపి పరుగు అందుకోవాలి. పలకలు చిన్నవైతే కుడిచేత్తో ముందు కడ్డీ పట్టుకుని ఎత్తితే చాలు. ఎత్తయిన గట్టో, మెట్లో, దట్టమైన బురదో ఎదురైతే ఫ్రేము మధ్య ఖాళీలో కుడిభుజం దూర్చి సైకిల్‌ను మోయాలి. కుడిచేతిని కింది గొట్టం చుట్టూ పోనిచ్చి హ్యాండిల్ పట్టుకుంటే సైకిల్ ఊగదు. ఎడమచేయి పరుగుకు సాయపడుతుంది.

తిరిగి ఎక్కేటప్పుడు ఎగిరి సీటుపై కూలబడితే దెబ్బ తగులుతుంది. ఎడమకాలితో నేలను తన్ని, కుడితొడ లోపలివైపు సీటుకు ఆనేలా జారి కూర్చోవాలి. మొదట నడుస్తూ, తర్వాత మెల్లగా పరుగెడుతూ సాధన చేయాలి. గడ్డినేలపై వారానికి రెండుసార్లు అరగంట చొప్పున సాధన చేస్తే కొద్ది వారాల్లోనే పట్టు చిక్కుతుంది. ఎత్తు ఎక్కే ముందే తేలిక గేరులోకి మార్చుకోవాలి. దిగిన తర్వాత మార్చేందుకు వీలుండదు.

తూర్పు వైపు పరిస్థితి

హైదరాబాద్‌లో సైక్లింగ్‌కు సదుపాయాలు లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వెలోడ్రోమ్‌లో 2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడల సైక్లింగ్ పోటీలు జరిగాయి. దిల్‌సుఖ్‌నగర్‌కు అది పది కిలోమీటర్ల లోపే. కానీ ట్రాక్ పోటీలకు బ్రేకులు లేని ప్రత్యేక సైకిల్, శిక్షణ అవసరం. బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల మేర సౌరఫలకాల పైకప్పుతో నిర్మించిన సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు పరిసరాల్లో వేసిన ఆ ట్రాక్ నగరానికి పూర్తిగా పడమటి వైపు ఉంది. ఎల్బీనగర్ వాసులు అక్కడికి చేరాలంటే నగరాన్ని దాటి వెళ్లాలి. బాహ్యవలయ రహదారి ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకే అనుమతి లేదు.

దీంతో తూర్పు ప్రాంత సైక్లిస్టులకు మిగిలినవి విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు. ఎల్బీనగర్ కూడలి నుంచి చీలే ఈ దారుల్లో బస్సులు, లారీలు రేయింబవళ్లు తిరుగుతుంటాయి. కూడలి చుట్టూ పైవంతెనలు, అండర్‌పాస్‌లు రావడంతో వాహనాల వేగం పెరిగింది. సైకిల్‌కు విడిగా వరుస లేదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభమై ప్రయాణికులకు ఊరట లభించినా, దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారిపై రద్దీ తగ్గలేదు. తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరి, ఎండ ఎక్కేలోగా తిరిగి రావడమే ఇక్కడి సైక్లిస్టుల ఆనవాయితీ. 200, 300, 400, 600 కిలోమీటర్ల దూరాన్ని నిర్ణీత గడువులో పూర్తిచేసే బ్రెవే యాత్రలకూ నగరంలో ఆదరణ ఉంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. అయితే వాటిని పోటీగా పరిగణించరు. స్థానాలు ప్రకటించరు. పైగా అవి సాగేదీ రహదారులపైనే.

రోడ్డుపై పందెం నిర్వహించాలంటే కిలోమీటర్ల కొద్దీ రాకపోకలు నిలిపివేయాలి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ మార్గంలో అది ఊహకందని పని. సైక్లోక్రాస్‌కు ఒక్క వాహనాన్నీ ఆపాల్సిన అవసరం లేదు. క్రీడాకారుడు కింద పడినా గడ్డిలోనో, మట్టిలోనో పడతాడే తప్ప లారీ ముందు పడడు. వేగం కూడా తక్కువే. పిల్లలను పోటీ సైక్లింగ్‌కు పంపేందుకు వెనుకాడే తల్లిదండ్రులకు ఇంతకు మించిన భరోసా ఉండదు.

మైదానం నిలిస్తేనే..

నేల స్వభావం రీత్యా కూడా ఈ ప్రాంతం అనుకూలమైనదే. ఎర్రమట్టి, ఇసుక కలిసిన చల్కనేలలు, అక్కడక్కడా రాతిగుట్టలు, చెరువుగట్లు తూర్పు శివార్ల సహజ స్వరూపం. లేనిదల్లా ఖాళీ జాగా. ఒకప్పుడు విడివిడి పురపాలక సంఘాలుగా ఉన్న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం 2007లో మహానగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. ఇళ్లు, దుకాణాలు, శిక్షణ కేంద్రాలు విస్తరించి ఖాళీ స్థలాలు తరిగిపోయాయి. మిగిలిన మైదానాల్లో ఆదివారం ఉదయం ఒకేసారి అయిదారు క్రికెట్ జట్లు ఆడుకోవాల్సిన పరిస్థితి. చెరువులు, పార్కులు, ప్రభుత్వ స్థలాలను కాపాడేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో హైడ్రాను ఏర్పాటు చేయడమే సమస్య తీవ్రతకు నిదర్శనం.

ఉన్న ప్రతి పచ్చని జాగా పోటీకి పనికిరాదు. వనస్థలిపురం వద్ద 3,605 ఎకరాల్లో విస్తరించిన మహావీర్ హరిణ వనస్థలి కృష్ణజింకలకు ఆలవాలమైన జాతీయ ఉద్యానవనం. అక్కడ పోటీల ఆలోచనే తగదు. 1626లో తవ్వించిన సరూర్‌నగర్ చెరువు గట్టు నడకకు వచ్చే వృద్ధులది, మహిళలది. పాఠశాలలు, కళాశాలల మైదానాలే ఈ క్రీడకు సరైన వేదికలు. సెలవురోజుల్లో రెండు పూటలు వాటిని కేటాయిస్తే సరిపోతుంది. శాశ్వత నిర్మాణమేదీ అవసరం లేదు. పోటీ ముగియగానే గుంజలు పీకి, గుంతలు పూడ్చి, చెత్త ఏరివేస్తే మర్నాటికి అది మళ్లీ ఆటస్థలమే. ఒక్క మైదానం అన్యాక్రాంతమైతే మాత్రం క్రికెట్, కబడ్డీ, సైకిల్ అనే తేడా లేకుండా అందరూ నష్టపోతారు.

ఎండతో జాగ్రత్త

ఐరోపాలో చలి, మంచు ప్రధాన అవరోధాలైతే ఇక్కడ ఎండ. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయం వేళలు అనువైనవి. జనవరిలోనూ మధ్యాహ్న ఉష్ణోగ్రత 28 డిగ్రీల దాకా చేరుతుంది కనుక 10 గంటల్లోగా ప్రధాన పోటీలు ముగించడం మేలు. అంతర్జాతీయ నిబంధనలు సాధారణంగా పోటీ మధ్యలో ఆహారం, నీరు అందించడాన్ని అనుమతించవు. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు సడలింపు ఉంటుంది. మన వాతావరణంలో ప్రతి చుట్టులో నీరు అందే ఏర్పాటు ఉండాల్సిందే. వానాకాలంలో మైదానం చిత్తడిగా మారినప్పుడు పోటీ పెడితే గడ్డి పూర్తిగా దెబ్బతింటుంది. నేల కొంత ఆరే వరకు ఆగడం ఉత్తమం.

బరిలో దిగే ముందు..

* హెల్మెట్ లేనిదే బాటపైకి అనుమతించరాదు. చేతి తొడుగులు, గట్టి పట్టున్న బూట్లు మంచిది.
* రెండు బ్రేకులూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. చక్రాల నట్లు బిగించుకోవాలి.
* పోటీకి రెండు గంటల ముందే తేలికపాటి ఆహారం ముగించాలి. పావుగంట పాటు తొక్కి ఒళ్లు వేడెక్కాక వరుసలో నిలబడాలి.
* ఆరంభంలోనే శక్తినంతా ఖర్చుచేయరాదు. తొలి చుట్టు నిదానంగా పూర్తిచేసినవారే చివరి చుట్లలో ముందుకు వస్తారు.
* వెనక నుంచి దాటేవారు ఏ వైపు నుంచి వస్తున్నారో గట్టిగా చెప్పాలి. దారి ఇవ్వడం మర్యాద.
* గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు వైద్యుల సలహా లేకుండా పాల్గొనరాదు.
* నిర్వాహకులు మైదానం యాజమాన్యం అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్రథమచికిత్స, అంబులెన్సు, ప్రతి అడ్డంకి వద్ద ఒక పర్యవేక్షకుడు తప్పనిసరి. పోటీబాట మీదుగా పాదచారులు దాటేచోట్ల తాడు కట్టాలి.
* పోటీ ముగిశాక మైదానాన్ని పూర్వస్థితికి తెచ్చి అప్పగించాలి. మరుసటి ఏడాది అనుమతి లభించేది దాన్ని బట్టే.